"క్రీస్తు శ్రమలు" అనడంలో శ్రమ అంటే ఏమిటి?

నిన్న గ్రూపులో ఒకరు అడిగారు: శ్రమజీవి, శ్రమదానం అంటాం కదా, శ్రమ అంటే ఒళ్లు వంచి పనిచేయడం, మరి క్రైస్తవులు "క్రీస్తు శ్రమలు" అని బాధ అర్థంలో వాడటం పాత అనువాదంలో దొర్లిన పొరపాటా అని. నేను ఒంగోలు పక్క పల్లెలో, చర్చి పాటల మధ్య పెరిగినవాణ్ణి. పొరపాటు కాదని గట్టిగా నమ్ముతున్నాను.

మా వైపు ఇంటికొచ్చిన చుట్టం నీళ్లు తోడబోతే "మీరు శ్రమ పడబాకండి" అంటాం. ఆ మాటలో పనీ ఉంది, ఒంటి నొప్పీ ఉంది. సంస్కృతంలోనూ శ్రమ అంటే ప్రయాస, అలసట రెండూ. ఆశ్రమం, శ్రమణుడు ఆ ధాతువు నుంచి వచ్చినవే. బైబిలు కొత్త నిబంధన గ్రీకు మూలంలో క్రీస్తు బాధల్ని చెప్పేచోట ఎక్కువగా కనిపించే మాట పాథేమా, అంటే మన మీదికి వచ్చిపడినది, అనుభవించక తప్పనిది. శ్రమ అలా కాదు, ఎవరో ఒకరు పూనుకుని పడాలి.

ఇక్కడే అసలు సంగతి ఉంది. దేవుడు బాధపడగలడా అన్నది చాలా పాత ప్రశ్న. మార్పు లేనివాడు బాధకు లోబడితే ఇక దేవుడెలా అవుతాడని పూర్వపు పండితులు మథనపడ్డారు, తండ్రే సిలువ మీద బాధపడ్డాడన్న బోధను మూడో శతాబ్దంలోనే కాదన్నారు, 451లో చాల్సెడాన్‌లో కూడిన క్రైస్తవ మతపెద్దల సభ ఒకే క్రీస్తులో దైవ స్వభావం, మానవ స్వభావం కలిసిపోకుండా, విడిపోకుండా ఉన్నాయని తేల్చింది. కానీ బైబిల్లో యెషయా గ్రంథం 63:9లో దేవుడి గురించి "వారి యావద్బాధలో ఆయన బాధనొందెను" అని ఉందే! నాకు మన తెలుగు మాటే దారి చూపింది. బాధ ఆయన్ని లొంగదీసుకోలేదు, ఆయనే దాన్ని పనిగా నెత్తికెత్తుకున్నాడు.

1876-78 కరువులో ఒంగోలు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకు పని చూపించారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో, వెల్లంపల్లి దగ్గర, ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. గడ్డపార పట్టి చేతులు బొబ్బలెక్కిన మనిషికి పని వేరు, బాధ వేరు అని ఎవరు చెప్పగలరు?

వ్యాఖ్య: బాగుందండీ. మరి క్రీస్తు గురించే అని మనం చదువుకునే యెషయా 53లో "వ్యసనాక్రాంతుడు" సంగతేంటి? మా పిల్లవాడు అది చదివి, యేసుకి తాగుడు అలవాటా అని అడిగాడు, నాకు నోట మాట రాలేదు.

జవాబు: దాన్ని మాత్రం మార్చాల్సిందేనండీ. సంస్కృతంలో వ్యసనానికి ఆపద, దుఃఖం అన్న అర్థం ఉంది కానీ ఇప్పుడు జనానికి వ్యసనం అంటే సారా, పేకాటే. "దుఃఖాలు మోసినవాడు" అంటే పిల్లలకి కూడా తెలుస్తుంది. శ్రమకి ఆ గతి పట్టలేదు.

వ్యాఖ్య: తమ్ముడూ, మాది నెల్లూరు, ఆర్‌సీఎం (రోమన్ కాథలిక్) వాళ్లం. మేం క్రీస్తు పాటులు అంటాం, ఈస్టర్‌కి ముందు వారం వచ్చే మట్టల ఆదివారాన్ని పాటుల ఆదివారం అని కూడా అంటాం.

జవాబు: అక్కా, ఈ మాట నాకు తట్టనే లేదు! పాటుపడటం అన్నా కష్టపడి పనిచేయడమే కదా. యెషయా 53:11లో మన బైబిలు "వేదన" అన్నచోట హీబ్రూలో ఉన్న మాట అమాల్. బైబిల్లోనే ప్రసంగి గ్రంథం మొదట్లో "సూర్యుని క్రింద నరులు పడుచుండు పాటు" అన్నచోటా అదే మాట. అంటే యెషయాలో ఆ చోట ఆయన తన పాటు ఫలం చూసుకుని తృప్తిపడతాడు అనీ చదువుకోవచ్చు, కోతలయ్యాక కళ్లంలో కుప్ప ముందు నిలబడ్డ రైతులాగా. మీ చర్చిలో పెద్దవాళ్లు ఈ మాటను ఇంకా ఎక్కడెక్కడ వాడతారో కనుక్కుని రాయండక్కా.