నీల్ యంగ్ ‘హార్వెస్ట్ మూన్’కి విమర్శకులు మార్కులు ఎక్కువేశారా?

పాతక్యాసెట్:
కెనడా గాయకుడు నీల్ యంగ్ 1992 నవంబరులో తెచ్చిన ఈ ఆల్బమ్‌ని అప్పట్లో సమీక్షకులు నెత్తిన పెట్టుకున్నారు. 1994లో కెనడా వాళ్ల జూనో అవార్డుల్లో ఉత్తమ ఆల్బమ్ కూడా ఇదే. ఇందులో అంత ఏముందో నాకు అర్థం కాదు. 1972 నాటి ఆయన ఆల్బమ్ ‘హార్వెస్ట్’ పేరే, ఆ స్ట్రే గేటర్స్ బృందమే, వెనకపాటకి మళ్లీ జేమ్స్ టేలర్, లిండా రాన్‌స్టాటే. రెండేళ్ల ముందు తన రాక్ బృందం క్రేజీ హార్స్‌తో ‘రాగెడ్ గ్లోరీ’ చేసి గ్రంజ్ అనే గరుకు రాక్ వాయించే కుర్రాళ్లకి పెద్దదిక్కైన మనిషి పాత వంటకమే వేడిచేసి వడ్డిస్తే దానికి ‘పరిణతి’ అని పేరు పెట్టారు. పాత అభిమానం రాయించిన సమీక్షలు అవి.

మెట్రోనోమ్:
బృందం అంతా అదే కాదండీ. కీబోర్డు మీద జాక్ నిచీ బదులు స్పూనర్ ఓల్డమ్ ఉన్నాడు. నిచీ ‘సచ్ ఎ వుమన్’కి వయొలిన్లు గట్రా కూర్చాడు. ఆల్బమ్ మొత్తంలో నాకు సహించనిది ఆ పాటే, తీపి మరీ ఎక్కువైంది.

రాత్రిరేడియో:
పాతక్యాసెట్ గారూ, పాత అభిమానం అంటున్నారు, విమర్శకులకి ‘హార్వెస్ట్’ మీద అభిమానం ఎప్పుడుందండీ? 1972లో అమెరికాలో అన్నిటికన్నా ఎక్కువ అమ్ముడైన ఆల్బమ్ అదే అయినా రోలింగ్ స్టోన్ పత్రిక దాన్ని చీల్చి చెండాడింది. ఆ విజయం నీల్ యంగ్‌కీ మింగుడుపడలేదు. ‘టైమ్ ఫేడ్స్ అవే’, ‘ఆన్ ది బీచ్’ లాంటి గరుకు రికార్డుల వైపు వెళ్లిపోయాడు. మొదటిదాన్ని తిట్టినవాళ్లే రెండోదాన్ని మెచ్చుకున్నారంటే వాళ్లకి ఇందులో కొత్తగా ఏదో వినిపించి ఉండాలి కదా.

ఇంకోటి. 1991 పర్యటన, ఆ రికార్డింగుల మిక్సింగ్ అయ్యేసరికి ఆయన చెవులు దెబ్బతిన్నాయి. పెద్ద శబ్దాలు వినే ఓపిక లేకే ఈ ఆల్బమ్ చేశానని ఆయనే చెప్పాడు. దీన్ని పాత వంటకం వేడిచేయడం అనడం అన్యాయం.

‘ఫ్రమ్ హ్యాంక్ టు హెండ్రిక్స్’ మాటలు పట్టించుకుని వినండి. గిటారు, మౌతార్గన్ హాయిగానే సాగుతుంటాయి, పాటలో మాత్రం ఏళ్ల తరబడి కలిసున్న జంట విడాకుల దాకా వచ్చి, ఇంకా పక్కపక్కన నడవగలమా అని అడుగుతోంది. నలభై ఆరేళ్ల మనిషి పాడాడు కాబట్టే ఆ ప్రశ్న గుచ్చుకుంటుంది. టైటిల్ పాటలో తాళం కోసం చీపురుతో ఊడ్చే చప్పుడు వాడారు. ఇంత తక్కువ సరంజామాతో పాట నిలబెట్టడం తేలికనుకుంటున్నారా?

పాతక్యాసెట్:
చెవుల సంగతి మెత్తదనానికి కారణం చెబుతుంది, అదే పేరు పెట్టుకోడానికి కాదు. పైగా ‘నేచురల్ బ్యూటీ’ పది నిమిషాలు! నన్నడిగితే 1994లో క్రేజీ హార్స్‌తో చేసిన ‘స్లీప్స్ విత్ ఏంజెల్స్’ చాలా ధైర్యమున్న రికార్డు. అందులో నెమ్మది ఉంది, భయమూ ఉంది.

రాత్రిరేడియో:
అది గొప్పదే, నాకూ ఇష్టం. కానీ దీన్ని తగ్గించడానికి దాన్ని తేవక్కర్లేదు. ఇరవయ్యేళ్లు కలిసున్నవాళ్ల గురించి పాడేటప్పుడు ఇరవయ్యేళ్ల కిందటి తోటి కళాకారులే పక్కన ఉండటం ఈ పాటలకి కావలసిందే. బెన్ కీత్ వాయించిన పెడల్ స్టీల్ (కాలి పెడళ్లతో స్వరం మార్చే గిటారు) ఆయన గొంతు వెనకాలే ఎలా నడుస్తుందో వినండి. కొత్తగా పిలిపించిన స్టూడియో వాద్యకారుడు అలా వాయించలేడు. ‘సచ్ ఎ వుమన్’ విషయంలో మాత్రం నాది మెట్రోనోమ్ గారి మాటే.