సర్రియలిజం పుట్టింది పుస్తకంలోనా, యుద్ధంలోనా?

నీలిసిరా
నిన్న మా అక్క కూతురు ఫోన్‌లో సాల్వడార్ డాలీ కరిగిన గడియారాల బొమ్మ చూపించి, "వీళ్లకి ఇలాంటివి ఎలా తోచాయి మామయ్యా?" అని అడిగింది. "దీన్ని సర్రియలిజం, అంటే అధివాస్తవికత అంటారు; కలల్నీ, అదుపు లేని మనసునీ నమ్ముకున్న కళ. మనసు వైద్యుడు ఫ్రాయిడ్ కలల గురించి రాశాడు, అది చదివి కవి ఆంద్రే బ్రెటన్ 1924లో పారిస్‌లో దాని మేనిఫెస్టో, అంటే ఉద్యమ ప్రకటన రాశాడు, అది చదివి చిత్రకారులు కలల్ని గీశారు" అని చెప్పేశాను. నేను చదువుకున్నది అదే. చెప్పాక మాత్రం నాకే తృప్తిగా లేదు. ఒక సిద్ధాంతం చదివినంత మాత్రాన ఇంతమంది ఇలా గీస్తారా? దీని వేరు అసలు ఎక్కడుంది? తెలిసినవాళ్లు చెప్పండి.

పాతసంచిక
మీరు చెప్పింది సరైనదేనండి. సర్రియలిజం అన్న మాట మొదట వాడింది కవి అపోలినేర్, 1917లో. కానీ దాన్ని ఉద్యమంగా నిలబెట్టింది బ్రెటనే. 1924 అక్టోబర్‌లో, అంటే బ్రెటన్ మేనిఫెస్టో వచ్చిన నెలలోనే, ఇవాన్ గోల్ అనే ఇంకో కవి కూడా సర్రియలిజం పేరుతో మరో మేనిఫెస్టో వేశాడు. పేరు మాదంటే మాదని ఇద్దరూ కొట్లాడుకున్నారు. కలల్ని నెత్తిన పెట్టుకోవడం, ఫ్రాయిడ్‌ని పూజించడం గోల్‌కి నచ్చలేదు. ఇవాళ గోల్ మేనిఫెస్టో ఎంతమందికి గుర్తుంది? కలల్ని, అదుపు లేని మనసుని నమ్ముకున్న బ్రెటన్‌దే నిలబడింది. కాబట్టి వేరు ఆ ఆలోచనలోనే ఉంది.

బొగ్గుగీత
పాతసంచిక గారూ, ఇక్కడ నేను ఒప్పుకోలేను. ఆ మేనిఫెస్టో తెరిచి చిత్రకళ ఎక్కడుందో వెతకండి. పేజీ అడుగున ఒక ఫుట్‌నోట్‌లో కొందరు చిత్రకారుల పేర్లు ఉంటాయి. ఉద్యమానికి అప్పటికి కవిత్వమే ప్రాణం. మరుసటి ఏడాది వాళ్ల సొంత పత్రికలోనే పియర్ నవీల్ "సర్రియలిస్టు చిత్రకళ అనేదే లేదు" అన్నంత పని చేశాడు. దానికి జవాబుగా బ్రెటన్ వ్యాసాల మీద వ్యాసాలు రాయాల్సి వచ్చింది. అవి 1928లో పుస్తకమయ్యాయి. మేనిఫెస్టో చదివి బొమ్మలు వేశారనడం కంటే, ఎప్పటినుంచో వేస్తున్న బొమ్మలకి మేనిఫెస్టో తర్వాత చోటిచ్చిందనడం నిజానికి దగ్గర.

ఇక ఫ్రాయిడ్ సంగతి. కలల మీద ఆయన రాసిన పెద్ద గ్రంథం ఫ్రెంచిలోకి వచ్చింది 1926లో. అప్పటికి మేనిఫెస్టో అచ్చయి రెండేళ్లు. బ్రెటన్‌కి జర్మన్ రాదు. మరి ఫ్రాయిడ్ ఆయనకి ఎక్కడ దొరికాడు? సైనికుల మానసిక వైద్యశాలలో, డాక్టర్ల కోసం రాసిన సారాంశాల రూపంలో. 1916లో, మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తుండగా, బ్రెటన్ 20 ఏళ్ల వైద్య విద్యార్థి. ఫ్రాన్స్‌లోని సాన్ డిజియే ఊళ్లో, యుద్ధం ముందు వరుస నుంచి మతి చలించి వచ్చిన సైనికుల దగ్గర డ్యూటీ. కలలు చెప్పించుకోవడం, నోటికొచ్చిన మాటలు రాసుకోవడం అక్కడే నేర్చుకున్నాడు. వాళ్లలో ఒక సైనికుడికి ఈ యుద్ధం అంతా నాటకమని గట్టి నమ్మకం. గాయాలు రంగు పూసినవట, శవాలు మెడికల్ కాలేజీల నుంచి తెచ్చి పరిచినవట. కందకం గట్టు మీద నిలబడి, మీదికొస్తున్న గుళ్లకి వేలితో దారి చూపించేవాడు. ఆ మాటలు బ్రెటన్‌ని జీవితాంతం వదల్లేదు. నాకు సర్రియలిజం మొత్తం ఆ మనిషి వేలి చివర కనిపిస్తుంది.

మిగతావాళ్లనీ చూడండి. చిత్రకారుడు ఆంద్రే మాసన్‌కి 1917లో ఛాతీలో గాయమైంది. ఇంకో చిత్రకారుడు మాక్స్ ఎర్నెస్ట్ జర్మన్ ఫిరంగి దళంలో ఉన్నాడు. తన గురించి రాసుకుంటూ 1914 ఆగస్టు 1న చచ్చిపోయాననీ, 1918 నవంబర్ 11న మళ్లీ బతికాననీ అన్నాడు. ఆయనకి ప్రాణస్నేహితుడైన కవి పాల్ ఎల్యూవార్ అదే యుద్ధంలో ఎదుటి సైన్యంలో ఉన్నవాడు. వీళ్లు పుస్తకం చదివి లోకం తలకిందులైందని అనుకోలేదండి, కళ్లారా చూశారు.

పాతసంచిక
ఫుట్‌నోట్ మాట ఒప్పుకుంటున్నాను, నేను తొందరపడ్డాను. కానీ యుద్ధమే తల్లివేరైతే ద కిరికోని ఏం చేస్తారు? గ్రీసులో పుట్టిన ఈ ఇటలీ చిత్రకారుడు 1910 నుంచీ, అంటే యుద్ధానికి నాలుగేళ్ల ముందు నుంచీ, నిర్మానుష్యమైన చౌరస్తాలు గీస్తున్నాడు. 1914 నాటి "ప్రేమ గీతం" చూడండి. గోడ మీద పాలరాతి దేవుడి తల, దాని పక్కనే మేకుకి వేలాడే ఎర్ర రబ్బరు గ్లవ్, కింద ఆకుపచ్చ బంతి, వెనకాల రైలింజను. తర్వాత సర్రియలిస్టు చిత్రకారుడైన మాగ్రిట్ దీని అచ్చు బొమ్మ చూసి కన్నీళ్లు ఆపుకోలేకపోయాడు. ఎర్నెస్ట్ మీదా, డాలీ మీదా కిరికో నీడ కనిపిస్తుంది. ఆ గ్లవ్ ఏ కందకంలోంచి వచ్చింది?

బొగ్గుగీత
గట్టి దెబ్బే కొట్టారు. కిరికో చూపు యుద్ధానికి ముందుది, కాదనను. అయితే ఆ ఖాళీ చౌరస్తాల్లో తమ జీవితం కనిపించిన చూపరుల్ని తయారు చేసింది మాత్రం యుద్ధమే అంటాను.

సుద్దముక్క
నేను హైస్కూల్లో డ్రాయింగ్ మాస్టర్ని. మీ ఇద్దరూ చేతిని మర్చిపోతున్నారు. 1925 ఆగస్టులో ఎర్నెస్ట్ ఫ్రాన్స్ సముద్రతీరంలో ఒక సత్రంలో ఉన్నాడు. కడిగీ కడిగీ అరిగిపోయిన చెక్క నేల గీతలు చూపుని వదలకపోతే, వాటిమీద కాగితం పరిచి పెన్సిల్ సీసంతో రుద్దాడు. నేలలోంచి అడవులు, పక్షులు లేచాయి. దానికి ఫ్రొటాజ్ అని పేరు. చిన్నప్పుడు రూపాయి బిళ్ల మీద కాగితం పెట్టి రుద్దేవాళ్లం కదా, అదే పని. నా ఎనిమిదో తరగతి పిల్లలతో చేయించాను. పాత బెంచీ మీద రుద్దిన కాగితంలో ఒకమ్మాయికి వాళ్ల తాత మొహం కనిపించింది. కళ్లు రెండూ పెట్టి ఇచ్చింది. తను ఫ్రాయిడ్ పేరు వినలేదు, యుద్ధమూ చూడలేదు.

తీరంగాలి
సర్రియలిజం ప్రభావం గురించి ఎవరూ ఎత్తలేదు. చాలామంది డాలీ, ఫ్యాషన్, సినిమా, ప్రకటనలు అని ఊరుకుంటారు. నాకు అంతకంటే పెద్ద కథ 1941లో ఉంది. నాజీల నుంచి తప్పించుకుని మార్సెయ్‌లో ఓడెక్కిన బ్రెటన్ కరీబియన్ సముద్రంలో ఫ్రెంచి వలస అయిన మార్టినిక్ ద్వీపంలో దిగాడు. కూతురికి రిబ్బన్ కొందామని ఒక కొట్లోకి వెళ్తే "త్రోపిక్" అనే పత్రిక కంటపడింది. దాన్ని నడుపుతున్నది నల్లజాతి కవి ఎమె సెజైర్. పారిస్‌లో పుట్టిన సర్రియలిజాన్ని వలసపాలన మీద ఆయుధంగా వాడుతున్నాడు. అదే ఓడలో ఉన్న చిత్రకారుడు విఫ్రెడో లామ్ సొంత దేశం క్యూబా చేరి, 1943లో చెరకుగడల మధ్య మనుషులో దేవతలో తెలియని ఆకారాలతో "అడవి" గీశాడు. ఇవి పారిస్‌కి కాపీలు కావు. మన శ్రీశ్రీ, శ్రీరంగం నారాయణబాబు అధివాస్తవికత వైపు చూసినప్పుడు కూడా, సొంత అవసరం కోసమే చూశారనుకుంటాను.

నీలిసిరా
అందరికీ ధన్యవాదాలండీ. ఇవన్నీ మా అక్క కూతురికి చెప్పాను. డాలీ బొమ్మ అసలు సైజు 24 సెంటీమీటర్ల ఎత్తు, 33 వెడల్పు అని తెలిసి నోరెళ్లబెట్టింది. గోడంత ఉంటుందనుకుందట. తర్వాత ఫోన్ దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసింది. మూడు గడియారాలు మెత్తబడి వేలాడుతున్నాయి. నాలుగోది మూతపెట్టి గట్టిగానే ఉంది, దాని నిండా చీమలు. "కరగని దానికే చీమలెందుకు పట్టాయి మామయ్యా?" అంది. నా దగ్గర జవాబు లేదు. మాస్టారూ, మీ పిల్లల్ని అడిగి చూస్తారా?