వాఙ్మూలమా? పుక్కిటి పురాణమా?

వలస పాలనలో మామూలు జనం ఎలా బతికారో చరిత్రకారులు ఎలా తెలుసుకుంటారన్న వ్యాసం ఒకటి తెలుగు చేస్తున్నాను. కోర్టు కాగితాల దగ్గర 'వాంగ్మూలం' అని రాస్తే ఒక మిత్రుడు 'వాఙ్మూలం' అని దిద్దాడు. ఏది ఒప్పు? ఇంకోటి, నోటిమాటగా వచ్చిన కథల్ని 'పుక్కిటి పురాణాలు' అనొచ్చా?

▪ వ్యాకరణం మీ మిత్రుడి వైపే ఉంది. వాక్ + మూలం, అనునాసిక సంధి. కానీ 'వాంగ్మూలం' పత్రికల్లో స్థిరపడిపోయింది, దానికోసం నేనైతే పోట్లాడను. నాకు పట్టింది వేరే సంగతి. వాక్కే మూలం అంటోంది ఆ మాట. తీరా కాగితం చూస్తే చెప్పింది ఒకరు, అడిగింది అధికారి, రాసింది గుమాస్తా. కొన్నిచోట్ల మధ్యలో దుబాసీ కూడా. ఇక అందులో వాక్కు ఎవరిది?

చరిత్రకారుడు రణజిత్ గుహా 1987లో రాసిన వ్యాసం దీనికి మంచి ఉదాహరణ. 1849లో బెంగాల్‌లోని బీర్భూమ్‌లో చంద్ర అనే బాగ్దీ కులపు స్త్రీ కడుపు పోవడానికి మందు తిని చనిపోయింది. తల్లి, అక్కచెల్లెళ్ళలో ఒకామె, మందిచ్చినవాడు చెప్పిన మాటలు మిగిలాయి. చట్టానికి అవి నేరం ఒప్పుకోలు. గుహా వాటిలోనే, పరువు పేరుతో ఆ ఇంటిమీద పడ్డ ఒత్తిడినీ, ఆడవాళ్ళు ఒకరికొకరు అండగా నిలబడటాన్నీ చదివారు. అన్నట్టు అలాంటి ఒప్పుకోలు పత్రాన్ని అక్కడ 'ఇక్రార్' అనేవారు. మన 'కరారు'దీ అదే అరబ్బీ ధాతువు.

▪ 'పుక్కిటి' మాత్రం వాడకండి. వాకిలి–వాకిటి లాగే పుక్కిలి–పుక్కిటి, అంటే బుగ్గలోపల అనే. కానీ 'పుక్కిటి పురాణం' అనగానే అబద్ధమని తీర్పు ఇచ్చేసినట్టే. అదీ నోటి నుంచే, ఇదీ నోటి నుంచే. గుమాస్తా రాసుకుంటే వాఙ్మూలం, రాసుకోకపోతే పుక్కిటిదా! నోటిమాటనీ పద్ధతిగా పరీక్షించి వాడుకోవచ్చని చరిత్రకారుడు యాన్ వాన్సీనా మధ్య ఆఫ్రికా అనుభవంతో 1961లోనే వాదించారు.

తూర్పు ఆఫ్రికాలో 'వజిమమోటో' మనుషుల్ని పట్టుకుపోయి నెత్తురు తీస్తారని జనం చెప్పుకునేవారు. స్వాహిలీలో ఆ మాటకి మంటలార్పేవాళ్ళని అర్థం. చరిత్రకారిణి లూయీస్ వైట్ ఆ వదంతులు నిజమా కాదా అని తేల్చుకుంటూ కూర్చోలేదు. సర్కారు ఉద్యోగాన్నీ వైద్యాన్నీ జనం ఏ కంటితో చూశారో వాటిలో వెతికారు. 'చెప్పుకునే మాటలు' అంటే సరిపోతుంది కదా?

▪ సరే, 'వాంగ్మూలం' ఉంచేస్తాను, 'పుక్కిటి' తీసేస్తాను. మరి వజిమమోటోని 'ఫైరింజన్ వాళ్ళు' అని రాయనా?

▪ వద్దండీ బాబూ, అర్థం ఒకసారి చెప్పి ఆ మాటే ఉంచండి. 'ఫైరింజన్ వాళ్ళు' అంటే మనకి నవ్వొస్తుంది, అప్పట్లో అది విన్నవాళ్ళు తలుపులు వేసుకునేవాళ్ళేమో.