కాల్షియం వేసినా నాజిల్ ఎందుకు మూసుకుపోతోంది?

స్టీల్ ప్లాంటులో లేడిల్ ఫర్నేస్ (కరిగిన స్టీల్‌ను లేడిల్ అనే పెద్ద పాత్రలో ఉంచి శుద్ధి చేసే కొలిమి) దగ్గర పనిచేస్తున్నాను. కరిగిన స్టీల్లోని ఆక్సిజన్‌ను అల్యూమినియంతో తీస్తాం. అప్పుడు పుట్టే అల్యూమినా రేణువులు గుత్తులు కడతాయి. అవి కరగాలంటే 2000 డిగ్రీలు దాటాలి కాబట్టి 1600 డిగ్రీల స్టీల్లో ఘనంగానే ఉండిపోతాయి. కాల్షియం తీగ ఎక్కిస్తే అవి కాల్షియం అల్యూమినేట్‌గా మారి ద్రవం కావాలి కదా? అయినా కాస్టింగ్‌లో మూడో హీట్‌కే (ఒక లేడిల్ స్టీల్‌ను ఒక హీట్ అంటాం) నాజిల్, అంటే స్టీల్ అచ్చులోకి దిగే గొట్టం, మూసుకుపోతోంది. ప్రతిసారీ టెన్షనే.

నాజిల్లో పేరుకున్న పదార్థాన్ని పరీక్షిస్తే స్పినెల్ (మెగ్నీషియం, అల్యూమినియం కలిసిన ఆక్సైడ్), కాల్షియం సల్ఫైడ్ రెండూ కనిపించాయి. మా స్టీల్లో సల్ఫర్ 0.02 శాతం దాకా ఉంటోంది. వేసిన కాల్షియాన్ని అల్యూమినాకు అందకుండా సల్ఫరే లాగేసుకుంటోందని నా అనుమానం. అలాగైతే తీగ పెంచితే సల్ఫైడ్ ఇంకా పెరుగుతుందేమో! ముందు సల్ఫర్ తగ్గించి, తర్వాతే కాల్షియం వేయాలా?

స్పినెల్ సంగతి మాత్రం అంతుపట్టడం లేదు. అందులోని మెగ్నీషియం స్లాగ్ (స్టీల్ పైన తేలే కరిగిన ఆక్సైడ్ల పొర) నుంచి వస్తోందా, లేడిల్ లోపలి ఇటుకల నుంచా? ఏ దశలో నమూనాలు తీస్తే తేలుతుంది? కాల్షియం వేశాక స్టీల్‌ను కలపడానికి ఆర్గాన్ వాయువును మెల్లగా ఎంతసేపు పంపుతారు? ఇలాంటి ఇబ్బంది దాటినవాళ్లు దయచేసి చెప్పండి.