చెట్లు కమ్మేసిన కొండ శిఖరం ఎత్తు కొలవడం ఎలా?

అందరికీ నమస్కారం. అర్మకొండ ఎత్తు 1680 మీటర్లని చిన్నప్పుడు చదివిన దగ్గర్నుంచి తూర్పు కనుమలంటే నాకు ప్రాణం. పాడేరు వైపు ఒక అడవికొండ ఎత్తు సరిగ్గా తేల్చాలని ఉంది.

మొన్న ఎక్కినప్పుడు రెండు ఫోన్లలో 65 మీటర్ల తేడా వచ్చింది. ఒకటి ఎలిప్సాయిడ్ (జీపీఎస్ లెక్కలకు వాడే భూమి నున్నటి గణిత ఆకారం) నుంచి, ఇంకోటి సముద్రమట్టం నుంచి లెక్కేస్తోందని తర్వాత అర్థమైంది. అది సరిచేసినా, కొమ్మల కింద జీపీఎస్ సిగ్నల్ నిలవక రీడింగ్ 10, 15 మీటర్లు అటూ ఇటూ దూకుతోంది. 2000లో స్పేస్ షటిల్ నుంచి రాడార్‌తో తీసిన ఎత్తుల డేటా చూశాను గానీ, అందులో చెట్ల ఎత్తు కూడా కొంత కలిసిపోతుందట.

అసలు టెన్షన్ వేరే. పైన రెండు గుట్టలున్నాయి, మధ్యలో వెదురు. ఒకదాని నుంచి ఇంకొకటి కనిపించదు. ఏది ఎత్తో తెలియట్లేదు. ఒక్క కొమ్మ కూడా నరకడం నాకిష్టం లేదు.

మేస్త్రీలు వాడే నీళ్ల ట్యూబుతో అంచెలంచెలుగా మట్టం చూసుకుంటూ వెళ్తే పనవుతుందా? డ్యూయల్ ఫ్రీక్వెన్సీ రిసీవర్ (ఉపగ్రహ సిగ్నల్‌ను రెండు ఫ్రీక్వెన్సీల్లో అందుకునే జీపీఎస్ పరికరం) అద్దెకు తెస్తే చెట్ల కింద ఎన్ని గంటలు ఉంచాలి? లేక గాలి ఒత్తిడి కొలిచే బారోమీటర్ ఒకటి కింద ఊళ్లో పెట్టి, ఇంకోటి పైకి తీసుకెళ్లడం మేలా? అటవీశాఖ అనుమతి ఎవర్ని అడగాలో కూడా చెప్పండి. సర్వే పని చేసినవాళ్లెవరైనా ఉంటే దయచేసి సాయం చేయండి.