ప్రభుత్వాల అండ ఉన్న ఎన్‌క్రిప్షన్‌లో లోపం దొరికితే ఎప్పుడు బయటపెట్టాలి?

తాళంచెవి: పోలీసులు, అంబులెన్సులు, రైల్వేలు వాడే టెట్రా రేడియో ప్రమాణాన్ని ఐరోపా టెలికాం ప్రమాణాల సంస్థ ఎట్సీ 1995లో తెచ్చింది. మాటల్ని రహస్యంగా మార్చే పద్ధతులు, అంటే ఎన్‌క్రిప్షన్ అల్గారిథమ్‌లు మాత్రం గుట్టు. డచ్ భద్రతా పరిశోధన సంస్థ మిడ్‌నైట్ బ్లూ ఓ రేడియోని విప్పి చూస్తే, వాటిలో ఒకటైన టీఈఏ1 తన 80 బిట్ల కీని లోపల 32 బిట్లకు కుదించేస్తోందని తేలింది. అంత చిన్న కీని మామూలు ల్యాప్‌టాప్ నిమిషంలోపే పగలగొడుతుంది. డచ్ అధికారులకు 2021 చివర్లో చెప్పారు, లోకానికి తెలిసింది 2023 జులైలో. ఈ ఏడాదిన్నర మౌనం తప్పంటాను.

కంట్రోల్‌రూమ్: తప్పేం కాదు. ఇలాంటి రేడియోల నిర్వహణే నా ఉద్యోగం. సెట్టు లోపలి సాఫ్ట్‌వేర్ (ఫర్మ్‌వేర్) మార్చాలంటే ప్రతి సెట్టూ చేతికి రావాలి, షిఫ్టు ఆగకూడదు. ముందే చాటింపు వేస్తే ఆలోగా మా మాటలు ఎవడు వింటాడో?

తాళంచెవి: టీఈఏ1ని సరిచేసే ప్యాచ్ లేదు కదా! వేరే అల్గారిథమ్‌కి మారాలి, లేదా పైన, మాట్లాడే ఇద్దరి సెట్లు మాత్రమే విప్పగల ఎండ్-టు-ఎండ్ ఎన్‌క్రిప్షన్ పెట్టుకోవాలి. రాని ప్యాచ్ కోసం ఎదురుచూపులెందుకు?

కంట్రోల్‌రూమ్: మారడానికీ టైం కావాలి. పైగా బయటపడ్డ ఐదు లోపాల్లో టీఈఏ1ది ఒక్కటే.

వెన్నెల_22: తయారుచేసినవాళ్లకి చెప్పాక 90 రోజులు ఆగితే చాలు.

కంట్రోల్‌రూమ్: బ్రౌజర్‌కి చాలు. రేడియోకి చాలదు.

రాతిగోడ: ఒక ఆఫీసు పోర్టల్‌లో లోపం కనబడితే మర్యాదగా మెయిల్ రాశాను. సరిచేయలేదు సరికదా, లాయర్ నోటీసు పంపారు. "ముందు వాళ్లకి చెప్పండి" అంటే నాకు ఒళ్లు మండుతుంది.

కంట్రోల్‌రూమ్: మీకు అన్యాయమే జరిగింది. టెట్రాకీ దానికీ ఏం సంబంధం?

రాతిగోడ: ఉంది. ఫోన్ మాటల కీ తన చేతిలో ఉండాలని అమెరికా ప్రభుత్వం క్లిప్పర్ చిప్ తెచ్చింది. దాంట్లో ప్రభుత్వానికి ఆ కీ అందించే డేటా ముక్క దొంగదైతే పట్టాల్సిన సరిచూపు సంఖ్య (చెక్‌సమ్) 16 బిట్లే, అంటే 65,536 అవకాశాలు, అన్నీ ప్రయత్నించి చూడొచ్చు. బెల్ ల్యాబ్స్ పరిశోధనశాలలో ఉన్న మాట్ బ్లేజ్ ఆ సంగతి 1994లో పేపర్ రాసి బయటపెట్టాడు. ఆయన నోరు మూసుకోవాల్సిందా?

కంట్రోల్‌రూమ్: అది జనంలోకి పెద్దగా వెళ్లని చిప్. ఇక్కడ ప్రాణాలు ఆధారపడి ఉన్నాయి. మీకు పేరు కావాలి, మాకు షిఫ్టు గడవాలి.

రాతిగోడ: పేరా? ఆ నోటీసుతో నా ఉద్యోగమే పోబోయింది. మాట జాగ్రత్త.

మోడరేటర్: వ్యక్తిగత మాటలు వద్దు, ఇద్దరికీ చెబుతున్నా.

తాళంచెవి: తేదీల గొడవ వదిలేద్దాం. నా బాధ వేరు. టీఈఏ2 ఐరోపా పోలీసులకి, టీఈఏ1 బయట అమ్ముకోడానికి. ఎగుమతి నిబంధనలు అలా ఉన్నాయన్నారు. మరి కొన్నవాడికి ఆ ముక్క ఎందుకు చెప్పలేదు? ఎవరికి ఎంత రక్షణ చాలో వాళ్లు గుట్టుగా తేల్చేస్తే సరిపోయిందా?

కంట్రోల్‌రూమ్: అది నేనూ ఒప్పుకోను. మాకిచ్చిన కాగితాల్లో 80 అనే ఉంది. ఆ కోపం తయారుచేసినవాళ్ల మీద చూపండి. వాళ్లకి బుద్ధి చెప్పడానికి మా చానెల్‌ని బలిపెట్టకండి.

తాళంచెవి: దాన్ని బలిపెట్టింది 1990లలోనే. ఆ 32 బిట్ల సంగతి తెలిసినవాళ్లు ఇన్నేళ్లూ వింటూ ఉన్నా మీకు తెలిసే దారి లేదు. అల్గారిథమ్‌లు ప్రచురిస్తామని ఎట్సీయే 2023 నవంబర్లో దిగొచ్చింది. మొదటే ఆ పని చేస్తే ఎప్పుడో దొరికేది.

వెన్నెల_22: 32 అని ముందే తెలిస్తే మీవాళ్లు ఆ సెట్లు కొనేవాళ్లా?

కంట్రోల్‌రూమ్: కొనేవాళ్లం కాదు. కొనేశాక మాత్రం, మార్చుకునేదాకా ఆగమనే అంటాను.