మూడేళ్ళ బాబుకి కవాసాకి తర్వాత గుండె రక్తనాళంలో ఉబ్బు: మాత్ర ఆపేయొచ్చా?

చిత్తూరు అమ్మ:
అందరికీ నమస్కారం. మా బాబుకి మూడేళ్ళు, 12 కిలోలు ఉంటాడు. పోయిన నెల జ్వరం పట్టుకుంది, మందు పోస్తే రెండు గంటలు తగ్గేది, మళ్ళీ 103. ముందు చూపించిన చోట గొంతు ఇన్ఫెక్షన్ అని యాంటీబయాటిక్ రాశారు, నాలుగు రోజులు వాడినా తగ్గలేదు. కళ్ళు రెండూ ఎర్రబడ్డాయి గానీ పుసి లేదు, పెదాలు పగిలి రక్తం వచ్చేది, ఒళ్ళంతా దద్దుర్లు. ఏడో రోజు తిరుపతికి తీసుకెళ్తే పిల్లల డాక్టరు నాలుక చూసి, అరచేతుల వాపు చూసి, కవాసాకి జబ్బులా ఉందన్నారు, పిల్లల్లో రక్తనాళాలు వాచే జబ్బట. ఆ పేరే మేం ఎప్పుడూ వినలేదు. ఎనిమిదో రోజు ఐవీఐజీ (దాతల రక్తం నుంచి తీసిన యాంటీబాడీల మందు) నరంలోకి ఎక్కించారు, మర్నాటికి జ్వరం దిగింది.

మొదటి ఎకోలో (గుండె స్కాన్‌లో) ఏమీ లేదన్నారు. రెండు వారాలకి మళ్ళీ తీస్తే గుండెకి రక్తం తీసుకెళ్ళే ఎడమ వైపు నాళం 3.4 మిల్లీమీటర్లు ఉబ్బింది, జెడ్ స్కోరు 6, మధ్యరకం ఎన్యూరిజం, అంటే నాళంలో ఉబ్బు, అని రాశారు. రోజూ ఆస్పిరిన్ సగం మాత్ర ఇస్తున్నాం. వాడేమో ఇల్లంతా పరుగులు పెడుతున్నాడు. మా అత్తమ్మ "బిడ్డ బాగున్నాడు గదా, ఇంత చిన్నోడికి గుండె మాత్రలు ఎందుకు, ఆపేయండి" అంటోంది. మా బంధువుల్లో ఒకాయనకి మెదడులో ఇలాంటి ఉబ్బే పగిలి ప్రాణం పోయింది, అది తలుచుకుంటే నాకు రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు. ఇది కూడా పగులుతుందా? ఆపరేషన్ చేయాలా? ఇంట్లో ఎవరైనా ఈ దారిలో నడిచినవాళ్ళు ఉంటే చెప్పండి.

పాకాల నాన్న:
అక్కా, ముందు ఒక్క మాట, మాత్ర ఆపొద్దు. మా పాపకి రెండేళ్ళప్పుడు ఇదే వచ్చింది, ఇప్పుడు ఎనిమిదేళ్ళు. మాకు తెలిసిందే ఆలస్యంగా, పెరుగన్నం తింటుంటే వేళ్ళ చివర్ల తోలు గోరు పక్కనుంచి లేచి పొరలుగా ఊడొచ్చింది, అది చూసి పరుగెత్తాం. అప్పటికి పది రోజులు దాటిపోయాయి. ఐవీఐజీ పది రోజుల లోపల పడితే మంచిదని తర్వాత తెలిసింది. మందు పడని పిల్లల్లో వందకి పాతిక మందికి ఈ ఉబ్బు వస్తుందట, వేళకి పడితే నలుగురైదుగురికే. మీకు ఎనిమిదో రోజే పడింది, అది మీ అదృష్టం, ఆ తిరుపతి డాక్టరు గారి చూపు కూడా.

పగలడం గురించి నేనూ మీలాగే భయపడ్డాను. గుండె నాళాల్లో అది చాలా అరుదు అన్నారు మా డాక్టరు. అసలు భయం రక్తం గడ్డ కట్టడం. ఆయన చెప్పింది నాకు బాగా ఎక్కింది. కాలువ గట్టు ఒకచోట కోసుకుపోయి వెడల్పైతే నీళ్ళు అక్కడ సుడి తిరుగుతూ నిదానిస్తాయి, చెత్తంతా అక్కడే చేరుతుంది కదా, రక్తమూ అంతే. గడ్డ అడ్డం పడితే చిన్నపిల్లకైనా గుండెపోటే. ఆ సగం మాత్ర పనంతా ఆ గడ్డ కట్టకుండా చూడడమే. జ్వరం తగ్గింది కదా అని ఆపితే మాత్ర ఎందుకు ఇస్తున్నామో మనకి అర్థం కానట్టే. ఇదే మీ అత్తమ్మకి కాలువ మాటతో చెప్పి చూడండి.

మా పాపకి ఏడాదిన్నరకి ఎకోలో ఉబ్బు మామూలు కొలతకి వచ్చింది. అయినా ఏటా చూపిస్తున్నాం, ఎందుకంటే కొలత సరిపోయినా నాళం లోపలి గోడ పూర్తిగా మునుపటిలా ఉండదట.

పిల్లల వార్డు నర్సు, తిరుపతి:
అమ్మా, పై అన్న చెప్పింది సరైనదే. జెడ్ స్కోరు అంటే బిడ్డ ఒడ్డూ పొడుగుకి ఉండాల్సిన కొలత కంటే నాళం ఎంత ఎక్కువ ఉందో చెప్పే లెక్క. 5 లోపు చిన్నది, 5 నుంచి 10 లోపు మధ్యరకం, 10 గానీ 8 మిల్లీమీటర్లు గానీ దాటితే పెద్దది. పెద్దదానికి ఆస్పిరిన్‌తో పాటు రక్తం గడ్డ కట్టకుండా చూసే వార్ఫరిన్ కూడా ఇస్తారు, ఐఎన్ఆర్ (రక్తం గడ్డ కట్టడానికి ఎంత సేపు పడుతుందో చెప్పే లెక్క) 2, 3 మధ్య ఉండేలా రక్తపరీక్షలు చేస్తారు. మీ బాబుది మధ్యరకం. ఇలాంటివి చాలావరకు ఒకటి రెండేళ్ళలో తగ్గుతాయి. ఆపరేషన్ మాట నాళం సన్నబడి గుండెకి రక్తం చాలకపోతేనే వస్తుంది.

ఎకో తేదీలు మాత్రం తప్పొద్దు. వచ్చేటప్పుడు వాడికి ఇష్టమైన కార్టూన్ ఫోన్‌లో పెట్టుకుని రండి, కదిలితే ఆ సన్నని నాళం సరిగ్గా దొరకదు, మేమూ బిడ్డా ఇద్దరం అలిసిపోతాం. పాత రిపోర్టులు అన్నీ తేవాలి, పోయినసారి కొలత లేకుంటే పెరిగిందో తగ్గిందో తెలియదు. ఖర్చు కష్టమైతే టీటీడీ వాళ్ళు 2021లో తిరుపతిలో మొదలుపెట్టిన శ్రీ పద్మావతి పిల్లల హృదయాలయంలో అడగండి.

కాళహస్తి:
పెద్దవాళ్ళ సంగతి కూడా చెప్తా, ఎవరికైనా పనికొస్తుంది. మా నాయనకి 58, ఛాతీ నొప్పి అని యాంజియోగ్రామ్ (గుండె నాళాల ఎక్స్‌రే) తీస్తే కుడి నాళం ఒకచోట పక్క భాగం కంటే ఒకటిన్నర రెట్లు దాటి ఉబ్బి ఉంది. ఆయనకి కొవ్వు పేరుకోవడం వల్లే అన్నారు, పెద్దల్లో ఎక్కువగా కారణం అదేనట. స్టెంటు వేయలేదు, ఆస్పిరిన్, కొలెస్ట్రాల్ మాత్ర, బీపీ మాత్ర, బీడీ బంద్. అందరికీ ఒకటే వైద్యం ఉండదు, కొందరికి కవరున్న స్టెంటు, కొందరికి బైపాస్, అది నాళం చూసి డాక్టర్లు తేలుస్తారు.

చిత్తూరు అమ్మ:
అందరికీ చాలా థ్యాంక్స్. కాలువ మాట చెప్పాను, అత్తమ్మ ఇప్పుడు రోజూ అన్నం తినిపించాక తనే మాత్ర కరిగించి తాగిస్తోంది. ఇంకొకటి, పక్కింటి పాపకి అమ్మవారు (చికెన్‌పాక్స్) పోసింది, మావాడు రెండు రోజుల ముందు దాంతోనే ఆడాడు. ఏమన్నా భయమా? టీకా వేయించేయాలా?

పిల్లల వార్డు నర్సు, తిరుపతి:
ఇప్పుడే మీ డాక్టరుకి ఫోన్ చేయండమ్మా, రేపటిదాకా ఆగొద్దు. ఆస్పిరిన్ వాడే పిల్లలకి అమ్మవారు గానీ ఫ్లూ గానీ వస్తే కాలేయం, మెదడు దెబ్బతినే ప్రమాదం ఉంది, రై సిండ్రోమ్ అంటారు. అప్పుడు ఆస్పిరిన్ బదులు వేరే మాత్రకి మార్చాలా అన్నది డాక్టరే చెప్పాలి, మీ అంతట మీరు ఆపకండి. ఐవీఐజీ పడ్డాక అమ్మవారి టీకా, ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్ళలు, రుబెల్లా) టీకా 11 నెలలు ఆగి వేస్తారు, ముందే వేస్తే సరిగా పనిచేయవు. ఫ్లూ ఇంజెక్షన్ మాత్రం డాక్టరుని అడిగి వేయించండి. జ్వరం వస్తే పారాసిటమాలే, ఐబుప్రొఫెన్ వద్దు, అది ఆస్పిరిన్ పనిని అడ్డుకుంటుంది. ఊరికే చెమటలు పట్టి బిడ్డ పాలిపోయినా, ఆగకుండా వాంతులు చేసుకున్నా, ఎప్పుడూ లేనంతగా ఏడుస్తున్నా, నీరసంగా పడుకుండిపోయినా వెంటనే ఎమర్జెన్సీకి తీసుకురండి, ఛాతీలో నొప్పి అని ఆ వయసు బిడ్డ చెప్పలేడు.